పగడపు దీవులకు ఓడప్రయాణము

మన తెలుగు స్త్రీలలో మంగళసూత్రమునకు ఇరుప్రక్కల పగడమును ముత్యమును గ్రుచ్చుకొను ఆచారము పెక్కు కుటుంబములయందు నేటికిని కలదు. నవరత్నములలో ఏడు భూమినుండి త్రవ్వితీసిన రాళ్లు. పగడమును ముత్యమును మాత్రము నీటిలోని ప్రాణులు పుట్టించినవి. ముత్యము చిప్పలో పుట్టునని చిన్నపిల్లలును ఎరుగుదురు. పగడ మెట్లు పుట్టునని అడిగినచో మనలో పెక్కురము జవాబు చెప్పజాలము. కొందరు దానిని రాయి యందురు, కొందరు చెట్టు యందురు. అది రాయియు కాదు, చెట్టును కాదు. చిరుప్రాణులు గుంపుగా చేరి కట్టుకొన్న కట్టడము.

మన మెడలోని ఎఱ్ఱపగడము విశేషముగా మధ్యధరా సముద్రమునుండి వచ్చినది. ఇటలీదేశమున నేపిల్స్ నగరమునకు దగ్గరనున్న టొర్రె దెల్ గ్రెకో అను ఊరివారు దానిని చెక్కి పూసలు చేయుటలో శతాబ్దములుగా పేరుపొందినవారు. ఆ ఎఱ్ఱపగడమునకు దాయాదులు వేరే కలవు. అవి నగలకు పనికిరావు గాని, సముద్రమధ్యమున దీవులనే కట్టినవి. అట్టి దీవులు మన దేశమునకు పడమట అరబ్బీ సముద్రములో నున్నవి. వానినే లక్షదీవు లందుము. చంపాపేట వాసులమగు మేము కొందర మింటి ఆడువారము కలిసి, వానకాలము గడచిన పిదప ఓడయెక్కి వానిలో మూడు దీవులను చూచి వచ్చితిమి. చూచినవానిలో సోదరీమణులకు ఉపయోగపడు సంగతులను, మమ్ము ఆలోచనలో పడవేసిన సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

దీవుల వృత్తాంతము

పేరు లక్షదీవులేగాని లెక్కకు దీవులు 36. అందు జనులు కాపురముండునవి 10 మాత్రమే. అన్నింటి భూమిని ఒకచోట చేర్చినను 32 చదరపు కిలోమీటర్లకు మించదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అచటి జనులు 64,473 మంది. 1956లో ఈ దీవులు కేంద్రపాలిత ప్రాంతమైనవి. 1973లో లక్షద్వీప్ అను పేరు స్థిరపడినది. కేరళతీరమునుండి వీని దూరము 220 మొదలు 440 కిలోమీటర్ల వరకు ఉండును.

మన హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఆ దీవులో, పెక్కుచోట్ల ఒకటి రెండు మీటర్ల ఎత్తుననే యున్నవి. కొండ లేదు, గుట్ట లేదు, ఏరు లేదు. ఎటు చూచినను కొబ్బరిచెట్లు, తెల్లని యిసుక, ఆవల నీరు. ఇంత పల్లపు నేలపై ఇందరు మనుష్యులు తరతరములుగా ఎట్లు నిలిచియున్నారను ప్రశ్నయే మాకు ప్రయాణమంతయు తోడువచ్చినది.

ప్రయాణ సన్నాహము

ఈ దీవులకు ఎవరు పడిన వారు పోవుటకు వీలులేదు. మన దేశస్థులైనను ముందుగా ప్రభుత్వమువారి ప్రవేశపు పర్మిట్టు పొందవలెను. కావున సెలవులకు నెలముందుగనే కాగితములు సిద్ధపరచుకొనుట మంచిది. వానకాలమున సముద్రము పొంగియుండును గనుక ఆ నెలలలో యాత్రికులు పోవుట తగదు.

మేము సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెసు ఎక్కి, గుంటూరు, నెల్లూరు మీదుగా పాలక్కాడు కనుమ దాటి ఎర్నాకులము చేరితిమి. సుమారొక దినపు ప్రయాణము. వెంట పులిహోర, అప్పడములు, కారప్పొడి, నిమ్మకాయ ఊరగాయ పెట్టుకొంటిమి. ఇందు నిమ్మకాయ ఊరగాయ ఓడపై మాకు మిక్కిలి ఉపకరించినది. ఓడ ఊగునపుడు కడుపులో త్రిప్పుట సహజము. వైద్యుని అడిగి మాత్రలు తెచ్చుకొనుట, కడుపు పూర్తిగా మాడ్చకుండుట, గదిలో ముడుచుకొని పండుకొనక పైతట్టునకు వచ్చి దూరమున ఆకాశము నీటిని తాకుచోటు చూచుచుండుట, ఈ మూడును మంచి ఉపాయములు.

వస్త్రముల విషయమున ఒక మాట. పెద్ద ఓడనుండి చిన్న పడవలోనికి దిగవలసి వచ్చినపుడు పడవ అలపై లేచుచు దిగుచు నుండును. అది పైకి లేచిన క్షణమున అడుగువేయవలెను. నావికులు రెండుచేతులు పట్టుకొని దించుదురు. అప్పుడు కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకొనుట అపాయము. చీర కట్టుకొను అలవాటుగలవారు గోచీపోసి కట్టుకొనవలెను, లేదా సల్వారు కమీజు తొడుగుకొనవలెను. దీవులవారిలో అత్యధికులు ముస్లిములు, మర్యాదగల వస్త్రధారణను కోరువారు. నగరమున వారితో ఇరుగుపొరుగై మెలగు మనకు ఇది క్రొత్తగాదు.

ఓడ

మేమెక్కిన ఓడ పేరు కవరత్తి. ఇది మన విశాఖపట్టణమున హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టబడి 2008లో సేవలో ప్రవేశించిన ఓడ. సుమారు 700 మందికి చోటు కలది. వేలకొలది జనమును మోయు విదేశపు విహారనౌకలతో పోల్చిన ఇది చిన్నది. దీవులవారు ఆసుపత్రులకు, కాలేజీలకు, పెండ్లిండ్లకు పోవుచు వచ్చుచు నుండునదియు ఇట్టి ఓడలలోనే. విశాఖలోని ఆ కార్ఖానాకు 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారు పునాది వేయించిరి. 1948లో జవహర్‌లాల్ నెహ్రూగారు అచట జలఉష అను ఓడను నీటిలోనికి దింపిరి. తెలుగుసీమలో కట్టిన ఓడపై తెలుగు ఆడువారము సముద్రము దాటుట మాకు పుట్టింటి బండిలో పోవునట్లే యుండెను.

సాయంకాలమున కొచ్చిరేవు విడిచితిమి. చీనావలలు, దీపములు ఒక్కొక్కటిగా వెనుకబడినవి. చీకటిపడిన పిదప నీరు, ఆకాశము తప్ప మరేమియు లేదు. చెరువుగట్టు దాటి నీటిని చూడని ఒక పెద్దావిడ మాలో నుండెను. ఆమె మొదట రెండుగంటలు ఇనుపకమ్మి విడువలేదు. అర్ధరాత్రమునకు ఆమెయే నక్షత్రములు లెక్కించుచు మమ్ము నిద్రపోనీయలేదు. ఏర్పాటు ఏమనగా, రాత్రులు ఓడలో ప్రయాణము, పగళ్లు దీవులలో విహారము.

కవరత్తి: మంచినీటి కథ

మొదట కవరత్తి దీవి చేరితిమి. ఇదియే ఆ దీవులకు రాజధాని. దీవికి ఒకప్రక్క సముద్రము ముదురునీలముగా నుండును. రెండవప్రక్క లేత ఆకుపచ్చరంగున, పళ్లెములోని నీటివలె నిశ్చలముగా ఒక లోమడుగు కలదు. ఆ మడుగునకును పెద్దసముద్రమునకును నడుమ తెల్లని నురుగుగీత గీచినట్లుండును. ఆ గీత యున్నచోటనే పగడపు దిబ్బ కలదు. పెద్ద అలలు అచట విరిగిపోవుచున్నవి.

ఇచటి ఉజ్రా మసీదు కొయ్యచెక్కడపు పనికి ప్రసిద్ధము. కాని గృహిణులమగు మాకు మంచినీటి సంగతియే ఎక్కువ ఆసక్తి కలిగించినది. దీవిలో వానపడిన నీరు ఇసుకలోనికి ఇంకి, క్రిందనున్న ఉప్పునీటికన్న తేలిక గనుక దానిపై పలుచని పొరగా తేలియుండును. బావులలో దొరకునది ఆ నీరే. ఎక్కువగా తోడినచో క్రిందినుండి ఉప్పునీరు పైకి వచ్చును. జనము పెరిగినకొలది ఇది చాలదయ్యెను. 2005లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు ఇచట దినమునకు లక్ష లీటర్ల మంచినీరు తీయు యంత్రశాలను నెలకొల్పిరి. పైనున్న వెచ్చని సముద్రపునీటిని గాలి తీసివేసిన పాత్రలో పోయగా అది కొద్ది వేడికే ఆవిరియగును. సుమారు 350 మీటర్ల లోతునుండి తోడిన చల్లని నీరు ఆ ఆవిరిని చల్లార్చును. ఇడ్లీపాత్ర మూతకు చెమ్మ పట్టునట్లు మంచినీరు పట్టును. ఉప్పు క్రిందనే నిలిచిపోవును. తరువాత మినికాయ్, అగత్తి దీవులలోను ఇట్టివి కట్టిరి.

పగడము కట్టిన కట్ట

లోమడుగులో అడుగున గాజుబిగించిన పడవపై మమ్ము త్రిప్పిరి. క్రింద తోటవలె కనబడినది. జింకకొమ్ములవంటివి, బంతులవంటివి, పుట్టగొడుగులవంటివి, విప్పిన విసనకఱ్ఱలవంటివి. వానిసందుల పసుపు, నీలము, నలుపు చారల చేపలు. పడవవాడు హిందీలో మమ్ము హెచ్చరించెను: "అక్కా, నీటిలో దిగినప్పుడు వీనిపై కాలు మోపవద్దు. ఇవి బ్రతికియున్నవి."

ఆ మాట నిజము. ఒక్కొక్క కొమ్మపై వేలకొలది చిరుప్రాణులు కలవు. పెక్కింటి పరిమాణము గోరంతకు మించదు. మెత్తని గొట్టమువంటి శరీరము, నోటిచుట్టు సన్నని వ్రేళ్లు. సముద్రపునీటిలోని సున్నమును గ్రహించి ఇవి తమ అడుగున గట్టి అరను కట్టుకొనును. తరము పోయినను అర మిగులును, దానిపై తరువాతి తరము కట్టును. బంతివంటి పగడములు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగినచో గొప్ప. వీనికి వంటచేసి పెట్టునది వీని శరీరములోనే నివసించు సూక్ష్మమైన నాచు. అది ఎండను గ్రహించి ఆహారము సిద్ధపరచి, అందు అధికభాగము పగడమునకు ఇచ్చును. పగడము దానికి వసతి నిచ్చును. రంగుకూడ చాలవరకు ఆ నాచు వలననే. ఒకరు ఇల్లు, ఒకరు వంట. ఏ ఒకరు లేకున్నను కాపురము నడువదు.

దీవి ఎట్లేర్పడినదో 1842లో చార్లెస్ డార్విన్ ఒక గ్రంథమున వివరించెను. మొదట సముద్రములో అగ్నిపర్వతము లేచును. దానిచుట్టు అంచున పగడము కట్టుకొనును. పర్వతము మెల్లగా క్రుంగిపోవుచుండ పగడము వెలుతురుకొరకు పైపైకి కట్టుచుండును. తుదకు పర్వతము మునిగి, వలయమువంటి దిబ్బయు నడుమ మడుగును మిగులును. 1952లో పసిఫిక్ మహాసముద్రమందలి ఎనివెటాక్ దీవిలో తవ్విచూడగా, వేయిమీటర్లకు మించిన పగడపు సున్నపురాతి క్రింద అగ్నిపర్వతపు రాయి కనబడి ఆ మాట రుజువైనది.

ఇచట మన తెలంగాణమునకు ఒక బంధుత్వము కలదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములక్రిందట భూగర్భమునుండి పొంగి దక్కనును కప్పిన లావాయే వికారాబాదు, జహీరాబాదు ప్రాంతముల నల్లరాయి. దానిని పొంగించిన భూగర్భపు వేడి స్థానమే, మన దేశపు నేల ఉత్తరమునకు జరుగుచుండగా, లక్షదీవులు నిలిచియున్న నీటిక్రింది గట్టునుకూడ కట్టినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన నల్లరేగడియు, ఆ దీవుల పునాదియు ఒకతల్లి బిడ్డలు.

ఆ తెల్లని యిసుకకూడ పగడపు పొడియే. చిలుకముక్కువంటి నోరుగల చేపలు పగడపురాతిని కొరికి, నాచు తిని, సున్నమును మెత్తని యిసుకగా విసర్జించును. దిబ్బ అలను ఆపును. దిబ్బనుండి రాలిన పొడియే నేలయగును. 2014లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము పగడపు దిబ్బలు అలల బలములో సగటున నూటికి 97 పాళ్లు విరిచివేయును. మన ఊళ్లలో చెరువుకట్ట నీటిని లోపల నిలుపును. ఇచటి కట్ట నీటిని వెలుపల నిలుపును. ఇదియే మా ప్రశ్నకు జవాబు. ఆ పల్లపు నేలపై మనుష్యులు నిలిచియున్నది ఈ చిరుప్రాణుల చలువ వలన.

కల్పేని: ఆడపడుచుల ఇండ్లు

మరునాడు కల్పేని. తూర్పుతీరమున పగడపురాళ్లు గుట్టలుగా పడియున్నవి. 1847లో వచ్చిన గొప్ప తుఫానులో సముద్రము వానిని ఎత్తివేసెనని చెప్పుదురు. కట్ట యున్నను సముద్రము తలచుకొన్న ఏమిచేయగలదో ఆ రాళ్లు చూపుచున్నవి.

ఈ దీవులలో చిరకాలముగా తల్లివైపు వారసత్వము నడచినది. ఇల్లును కొబ్బరితోటయు తల్లినుండి కుమార్తెకు సంక్రమించును. పెండ్లియైన పిదపకూడ కన్య తల్లియింటనే యుండును, భర్తయే ఆమెయింటికి వచ్చును. కాలముతోపాటు మార్పులు వచ్చుచున్నను ఆచారము పూర్తిగా పోలేదు. ఆడపిల్లలు మొట్టమొదట బడికి పోయిన దీవి కల్పేనియేనని అచటివారు గర్వముతో చెప్పుదురు. కొబ్బరిపీచును మడుగులో నానవేసి, దంచి, త్రాడు పేనుట అచటి స్త్రీల పూర్వపు వృత్తి.

ఒక యింట ముసలమ్మగారు మాకు కొబ్బరినీరు ఇచ్చి, కొచ్చిలో చదువుకొన్న మనుమరాలి నోట మమ్ము అడిగిరి: "మీ ఊరిలో సముద్రము లేదా? అయినచో అలల చప్పుడు లేక ఎట్లు నిద్రపోవుదురు?" మేము నవ్వి, మోటారుల చప్పుడుతో నిద్రపోవుదుమని చెప్పితిమి. తరువాత ఆమె నిదానముగా, తన చిన్ననాట మడుగు అడుగున చూచిన రంగులు ఇప్పుడు లేవనిరి.

మినికాయ్

చివర మినికాయ్. ఇది మిగిలిన దీవులకు దక్షిణమున ఏకాంతముగా నున్నది. తక్కిన దీవులలో మలయాళమునకు చేరువైన మాట నడువగా, ఇచట మహల్ అను మాల్దీవుల భాష నడచును. దాని లిపిని కుడినుండి యెడమకు వ్రాయుదురు. 1885లో కట్టిన ఎత్తైన దీపస్తంభము ఎక్కినచో దీవి యంతయు వంచిన కొడవలివలె కనబడును. మగవారిలో పెక్కురు ప్రపంచపు ఓడలపై నావికులుగా పోవుదురు. ఇంటిపాలన, ఊరిపాలనయు స్త్రీలచేతిలో నుండును. ప్రతి పేటకును పురుషులకు ఒక పెద్ద, స్త్రీలకు ఒక పెద్ద ఉందురు.

ఇచటి జీవనము సూరచేపపై ఆధారపడినది. వలవేయరు, గాలపుకఱ్ఱతో ఒక్కొక్కటిగా పట్టుదురు. దానికి ఎరగా మడుగులోని పగడముల మధ్య పెరుగు చిన్నచేపలను వేయుదురు. కనుక పగడము లేనిచో ఎర లేదు; ఎర లేనిచో సూరచేప లేదు; సూరచేప లేనిచో పొయ్యి వెలుగదు.

తెల్లబారుట

ముసలమ్మగారి మాట వట్టిది కాదు. సముద్రపునీరు అలవాటుకన్న ఒక డిగ్రీ ఎక్కువగా కొన్నివారములు వేడెక్కినచో పగడము తనలోని నాచును వెలుపలికి నెట్టివేయును. అప్పుడు రంగుపోయి ఎముకవలె తెల్లబారును. వేడి త్వరగా తగ్గినచో నాచు తిరిగివచ్చును, తగ్గనిచో పగడము ఆకలితో చచ్చును. లక్షదీవులలో ఇట్టి ఆపద 1998, 2010, 2016 సంవత్సరములలోను, మరల 2024లోను సంభవించినది. 1998లో దిబ్బలపై సజీవ పగడము నూటికి 37 పాళ్లుండగా, 2022 నాటికి 20 పాళ్లకు లోపునకు వచ్చినదని పరిశోధకులు లెక్కగట్టిరి. పూర్వము ఆపదకును ఆపదకును నడుమ కోలుకొనుటకు వ్యవధి యుండెను. ఆ వ్యవధి తగ్గుచున్నది. పచ్చిబాలింత మంచము దిగకమునుపే మరల జ్వరము తగిలినట్లున్నది.

చచ్చిన పగడము క్రమముగా విరిగి పొడియగును. కట్ట పలుచనగును. బంగారము అను దీవి దగ్గర పరళి అనబడు చిన్నదీవులలో ఒకటి 1968లో పటమున నుండెను. అది పూర్తిగా కోసుకొనిపోయెనని 2017లో ప్రకటించిరి. అందు జనులు లేరు. జనులున్న దీవులకు ఆ గతి పట్టినచో 64 వేలమంది ఎచటికి పోవుదురు? 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు నిండి, దిగువ కాలనీలలో మోకాలిలోతు నీటిలో బియ్యపుడబ్బాలు తేలిన దినములు మన పేటవారు మరువలేదు. మనకు పోవుటకు ఎగువన బంధువుల యిండ్లుండెను. ఆ దీవులలో ఎగువ యనునది లేదు.

మనము చేయదగినది

సముద్రమును చల్లార్చుట మన యొక్కరి చేతిలో లేదు. బొగ్గు, పెట్రోలు మంటలు తగ్గవలెను, అది ప్రపంచమంతటి పని. అయినను వేడిచే బలహీనమైన పగడమునకు మనచేతి గాయములు తగులకుండ చూచుకొనవచ్చును.

మొదటిది: నీటిలో దిగినవారు ఇసుకపైనే కాలు మోపవలెను. ఈతరానివారు గాజుపడవతో తృప్తిపడుట మేలు. రెండవది: ఎండ తగులకుండ పూయు కొన్ని లేపనములలోని మందులు పగడమునకు హాని చేయునని హవాయి రాష్ట్రమువారు 2018లో శాసనముచేసి 2021నుండి వాని అమ్మకము నిషేధించిరి. నిండుచేతుల రవికయు, తలపై తువాలును లేపనముకన్న మంచివి. మూడవది: ప్లాస్టిక్కు సంచులు, సీసాలు దీవిలో విడువక తిరిగి తెచ్చుకొనవలెను. అచట చెత్త పూడ్చుటకు నేల లేదు.

నాలుగవది అన్నింటికన్న ముఖ్యము. మనకు ఏ యాత్రకు పోయినను ఏదో ఒకటి తెచ్చి ఇరుగుపొరుగులకు పంచు అలవాటు కలదు. కాశినుండి గంగ తెత్తుము, రామేశ్వరమునుండి ఇసుకయు గవ్వలును తెత్తుము. ఈ దీవులనుండి పగడపుముక్క తేరాదు. దిబ్బలు కట్టు పగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. పులికి గల రక్షణయే వీనికిని కలదు. ఒడ్డున చచ్చి పడియున్న ముక్కయైనను తీసికొనుట నేరమే. ఆ ముక్కయే రేపటి యిసుక, ఆ యిసుకయే వారి నేల. శంఖములలోను, గుల్లలలోను పెక్కు జాతులు ఇట్లే రక్షింపబడినవి. ఇంట పిల్లలకు ఏమి తెచ్చితిరని అడిగినచో, కొబ్బరితో చేసిన మిఠాయిలు, కొబ్బరిపీచు త్రాళ్లు, ఎండబెట్టిన సూరచేప తినువారికి అదియు, ఆ స్త్రీలవద్దనే కొని తెండు. వారికి నాలుగు రూకలు దక్కును.

పోగలిగిన సోదరీమణులు ఒకసారి పోయి చూడుడు. నలుగురు ఆడువారు కలిసిన ఈ ప్రయాణము కష్టమైనది కాదు, భయపడదగినదియు కాదు. చేతులతో ఏమియు తేకుడు. కన్నులతో చూచినది పిల్లలకు చెప్పుడు. వారు పెద్దవారగునాటికి ఆ కట్ట నిలిచియుండవలెనన్నచో, అది సజీవమను మాట నేడే వారి చెవిని పడవలెను.